డబ్బా మీది మాట నిజమేనా? ఒక రన్నింగ్ కోచ్‌గా నేను వాడే నాలుగు సర్వీసుల రివ్యూ

ప్రాక్టీస్ అయిపోయి పిల్లలు స్ట్రెచింగ్ చేస్తుంటే ఒకాయన నా దగ్గరికొచ్చాడు. వాళ్లబ్బాయికి పదహారేళ్లు, 800 మీటర్లు పరిగెత్తుతాడు. ఆయన చేతిలో పెద్ద నల్ల సప్లిమెంట్ పొడి డబ్బా ఉంది.

"మేడం, జిమ్‌లో తెలిసినవాళ్లు ఇది వాడమన్నారు. సైంటిఫిక్‌గా నిరూపించారని దీని మీదే రాసుంది. మీరొకసారి చూసి సరేనంటే రేపట్నుంచే మొదలుపెడతాం."

డబ్బా తిప్పి చూశాను. వెనకవైపు తొమ్మిది పదార్థాల పేర్లున్నాయి. ఏది ఎంత ఉందో మాత్రం లేదు. అన్నిటికీ కలిపి ఒక్కటే బరువు వేశారు, స్కూపుకి 8 గ్రాములని. పైన "ప్రొప్రయిటరీ బ్లెండ్" అన్న మాట, అంటే ఏది ఎంతో బయటపెట్టని కంపెనీ సొంత మిశ్రమం. అందులో కెఫీన్ 50 మిల్లీగ్రాములుందో 300 ఉందో ఎవరికి తెలుస్తుంది? ఒక పిల్లాడు రోజూ తాగే దాని గురించి నేను ఔననాలి, లేదా కాదనాలి. ఇంటర్వెల్స్ గురించి అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. దీని గురించి మాత్రం నాకు తెలిసిందంతా తోటి కోచ్‌ల దగ్గర విన్నదే. "రెండ్రోజులు టైమివ్వండి సార్" అన్నాను.

ఆ రెండ్రోజులతో మొదలైన వెతుకులాట మూడేళ్లుగా సాగుతూనే ఉంది. డబ్బా మీది మాట నిజమో కాదో సరిచూసుకోవడానికి ఈ మూడేళ్లలో నేను బాగా వాడిన సర్వీసులు నాలుగు. ఏది దేనికి పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది నాలాంటి కోచ్‌లకీ తల్లిదండ్రులకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇవేవీ పొడులూ మాత్రలూ అమ్మవు. అది చూసుకునే వీటి దగ్గర ఆగాను.

మొదట దొరికింది ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ వాళ్ల సప్లిమెంట్ జాబితా. మేం ట్రాక్ మీద దాన్ని ఏబీసీడీ లిస్టు అంటాం. ఒక్కో పదార్థాన్నీ నాలుగు గ్రూపుల్లో ఒకదాంట్లో పెట్టారు. ఎ అంటే ఫలానా సందర్భంలో, ఫలానా మోతాదులో పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉన్నవి. బి అంటే ఆశ కనిపిస్తోంది కానీ ఇంకా పరిశోధన జరగాల్సినవి. సి అంటే లాభం ఉందనడానికి ఆధారం లేనివి. డి అంటే నిషేధంలో ఉన్నవి, లేదా నిషిద్ధ పదార్థాలు కలిసి ఉండే ప్రమాదం ఎక్కువున్నవి.

ఎ గ్రూపులో నేరుగా పెర్ఫార్మెన్స్ కోసమని పెట్టినవి ఎన్నో తెలుసా? కెఫీన్, క్రియాటిన్, బీటా అలనీన్, బీట్‌రూట్ రసంలో ఉండే నైట్రేట్, సోడియం బైకార్బొనేట్, గ్లిసరాల్. అంతే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018లో నిపుణులతో రాయించిన పత్రంలోనూ మొదటి ఐదే ఉన్నాయి. షాపు గోడ నిండా పేర్చిన డబ్బాలు కళ్ల ముందు మెదిలాయి. అన్ని డబ్బాల వెనక గట్టి ఆధారం ఉన్న పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అది చూశాక నా టెన్షన్ సగం తగ్గింది. వేల పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, ఈ కొన్నిటి గురించి బాగా చదివితే చాలు.

ఆయన తెచ్చిన డబ్బాలో మొదటి పేరు బీసీఏఏ, అంటే ప్రొటీన్‌లో ఉండే కొన్ని అమైనో ఆమ్లాలు. అది సి గ్రూపులో ఉంది. రెండోది బీటా అలనీన్, ఎ లోదే. కానీ దానికి వారాల తరబడి రోజూ కొన్ని గ్రాములు పడాలి. తొమ్మిది పదార్థాలు కలిపితేనే 8 గ్రాములైన చోట దాని వాటా ఎంతుంటుంది? ఇంకో సంగతి. బీటా అలనీన్ తాగిన కాసేపటికి ముఖం మీద, చేతుల మీద చురచురలాడుతుంది. అది దాని సైడ్ ఎఫెక్ట్, అంతకుమించి ఏమీ కాదు. పిల్లలు దాన్ని "పనిచేస్తోంది మేడం, ఒళ్లంతా తెలుస్తోంది" అంటారు. లేబుల్ చేయలేని పని ఆ చురచురే చేసేస్తుంది.

ఈ జాబితాతో నాకున్న ఇబ్బంది ఒకటే. ఎ అన్న అక్షరం చూడగానే మార్కుల కార్డులో ఎ గ్రేడ్‌లా చదివేస్తారు, అంటే అందరూ వాడాల్సినదని. ఐరన్ కూడా ఎ గ్రూపులోనే ఉంది, వైద్య అవసరానికి వాడేవాటి కింద. రక్తపరీక్షలో లోపం తేలాక డాక్టరు చెబితే వాడాల్సినది. మా దగ్గర ఒకమ్మాయి నీరసంగా ఉంటోందని వాళ్లమ్మ ఈ లిస్టు చూసి మాత్రలు కొనేశారు. "ముందు ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించండమ్మా, లోపం లేకుండా ఐరన్ వేస్తే ఒంట్లో పేరుకుంటుంది" అని చెప్పాల్సివచ్చింది. అక్షరం కింద ఉన్న పేజీ చదవకుండా అక్షరాన్ని మాత్రం తీసుకుపోతే ఈ సర్వీసు ఉపయోగం కంటే నష్టమే చేస్తుంది. పేజీలో అన్నీ ఉంటాయి. ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఏ ఇబ్బందులు రావచ్చు అన్నవన్నీ. ఎదిగే వయసు పిల్లలకు పెర్ఫార్మెన్స్ సప్లిమెంట్లు సాధారణంగా అవసరం ఉండదన్నది కూడా వాళ్లు చెబుతున్న మాటే. పదహారేళ్ల అబ్బాయి తండ్రికి నా జవాబు అక్కడే దొరికింది. ఐదుకి నాలుగున్నర.

కానీ ఎవరో అక్షరం వేసి ఇస్తే నేను తల ఊపడం ఎన్నాళ్లు? ఆ అక్షరం ఎలా వచ్చిందో నా కళ్లతో చూడాలనిపించింది. అలా పబ్‌మెడ్‌కి వెళ్లాను.

పబ్‌మెడ్ అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే సెర్చ్ సర్వీసు. 1996లో మొదలై 1997 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. 3 కోట్ల 70 లక్షలకు పైగా వైద్య, జీవశాస్త్ర వ్యాసాల వివరాలు ఇందులో ఉన్నాయి. మొదటి రోజు "క్రియాటిన్" అని కొడితే వచ్చిన ఫలితాల వరద చూసి మూసేశాను. డాక్టర్లు, పరిశోధకులు వాడే దుకాణంలోకి పొరపాటున వచ్చినట్టనిపించింది. వారం తర్వాత మళ్లీ తెరిచాను, ఈసారి ఒక మనిషి కోసం.

అతను మా దగ్గర 400 మీటర్లు పరిగెత్తే కాలేజీ కుర్రాడు. ఇరవై రెండేళ్లు. కండబలం కోసం తీసుకునే క్రియాటిన్ పొడి మొదలుపెట్టాలనుకుంటూనే ఏడాదిగా భయపడుతున్నాడు. "జుట్టు రాలిపోతుందట మేడం. స్టడీ కూడా ఉందట." అతని తండ్రికీ మేనమామకీ బట్టతల. నవ్వి కొట్టిపారేసే భయం కాదది. అందుకే ఇద్దరం నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

ఆ స్టడీ నిజంగానే ఉంది. 2009 నాటిది. కాలేజీ రగ్బీ ఆటగాళ్లు 20 మంది. వారం రోజులు రోజుకి 25 గ్రాముల క్రియాటిన్, ఆ తర్వాత రెండు వారాలు 5 గ్రాముల చొప్పున. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను, బట్టతలకి సంబంధం ఉన్నదే, మొదటి వారానికి 56 శాతం పెరిగింది. ఇక్కడికి చదివి కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "చూశారా మేడం" అన్నాడు.

"ఇందులో జుట్టు ఎక్కడ కొలిచారో వెతుకు" అన్నాను.

అతను పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఎక్కడా లేదు. ఆ స్టడీలో ఎవరి జుట్టునీ ఎవరూ చూడలేదు, లెక్కపెట్టలేదు. రక్తంలో ఒక హార్మోనును కొలిచారు, అంతే. జుట్టు రాలుతుందన్నది ఆ తర్వాత జనం అతికించిన మాట.

56 శాతం అన్న అంకె సంగతేమిటి? అది కూడా విప్పి చూశాం. 2021లో వచ్చిన ఒక సమీక్ష వ్యాసం, పూర్తిగా ఉచితంగా చదవగలిగేది, ఆ 2009 అంకెలను విడమరిచి చెప్పింది. క్రియాటిన్ తీసుకున్నవాళ్ల డీహెచ్‌టీ మొదట్లో 0.98, వారం తర్వాత 1.53. పోల్చి చూడటానికి ఇచ్చిన, క్రియాటిన్ లేని ఉత్తుత్తి పొడి తీసుకున్నప్పుడు మొదట్లోనే 1.26 ఉంది, తర్వాత 1.09కి దిగింది. అంటే రెండు వైపుల బయల్దేరిన చోటే ఒకటి కాదు. పైగా పెరిగాక కూడా మామూలుగా ఉండే హద్దు దాటలేదు. 0.98 నుంచి 1.53 అంటే మనిషి ఆగి ఆలోచిస్తాడు. 56 శాతం అంటే పరుగెత్తుకెళ్లి పదిమందికి చెబుతాడు. రెండూ ఒకే లెక్క. గోరంతని కొండంత చేయడానికి అబద్ధం ఆడక్కర్లేదు, శాతంలో చెబితే సరిపోతుంది.

అదే వ్యాసం కింద ఇంకొకటి చూపించాను. రచయితల్లో కొందరికి క్రియాటిన్ వ్యాపారం చేసే కంపెనీలతో సంబంధాలున్నాయని వాళ్లే రాసుకున్నారు. కుర్రాడు వెంటనే "అయితే ఇది నమ్మకూడదు కదా" అన్నాడు. నేనలా అనుకోను. సంబంధం ఉందంటే చెప్పినదంతా అబద్ధమని కాదు, మనం ఇంకాస్త జాగ్రత్తగా చదవాలని. వాళ్లు చూపించిన 0.98, 1.53 వాళ్లు పుట్టించినవి కావు, 2009 పేపర్‌లో ఉన్నవే. అభిప్రాయం దగ్గర అనుమానించాలి, అంకె దగ్గర సరిచూసుకోవాలి. ఈ మాట అతనికి ఎంతవరకు ఎక్కిందో గానీ, నాకు మాత్రం ఆ రాత్రే బాగా అర్థమైంది.

ఆ తర్వాత 2025లో నేరుగా జుట్టునే కొలిచిన ట్రయల్ వచ్చింది. వెయిట్ ట్రెయినింగ్ చేసే మగవాళ్లు, రోజుకి 5 గ్రాములు, 12 వారాలు. డీహెచ్‌టీలోనూ, జుట్టు ఒత్తులోనూ రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. చివరిదాకా మిగిలింది 38 మంది, గడిచింది మూడు నెలలు. ఐదేళ్లు వాడితే ఏమవుతుందన్న ప్రశ్నకి ఇది జవాబు కాదు. అదీ అతనికి చెప్పాను. అతను నాలుగు రోజులు ఆలోచించుకుని మొదలుపెట్టాడు. మొదలుపెట్టాడా లేదా అన్నది నాకు పెద్ద విషయం కాదు, ఏడాదిగా మోస్తున్న భయానికి ఒక కొలత దొరికింది.

పబ్‌మెడ్‌లో నాకు బాగా నచ్చేవి చిన్న చిన్న వసతులే. ఎడమ పక్క ఫిల్టర్లలో "ర్యాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్" అని టిక్ పెడితే, మనుషుల్ని లాటరీ తీసినట్టు గుంపులుగా విడగొట్టి ఒకరికి అసలు మందు, మరొకరికి ఉత్తుత్తి మందో వేరే మందో ఇచ్చి చూసిన పరిశోధనలే మిగులుతాయి. "మెటా అనాలిసిస్" పెడితే అలాంటి చాలావాటిని కలిపి లెక్కగట్టినవి వస్తాయి. వ్యాసం కింద రచయితల స్వప్రయోజనాల ప్రకటన ఉంటే కనిపిస్తుంది, 2017 నుంచి ఈ ఏర్పాటుంది. వెనక్కి తీసుకున్న పేపరైతే పైనే పెద్దగా హెచ్చరిక ఉంటుంది. ఒక్కో వ్యాసానికి ఒక నంబరుంటుంది, పీఎంఐడీ అంటారు. ఎవరైనా "స్టడీ ఉంది" అంటే నేనిప్పుడు నంబరు అడుగుతాను.

నంబరు విలువ తెలిసింది ఒక చేదు అనుభవంతో. ఆమధ్య ఒక న్యూట్రిషన్ యాప్‌కి డబ్బు కట్టి చేరాను. ప్రశ్న అడిగితే క్షణంలో జవాబు, కింద రెఫరెన్సులు కూడా. రేసుకి ముందు తీసుకునే ఒక పొడి గురించి అడిగితే నాలుగు రెఫరెన్సులిచ్చింది. పేర్లు, సంవత్సరాలు, నంబర్లు అన్నీ పొందిగ్గా ఉన్నాయి. మొదటి నంబరు పబ్‌మెడ్‌లో కొట్టాను. అది కంటి ఆపరేషన్ మీద వ్యాసం. రెండోది ఏదో బాక్టీరియా మీద. మిగతా రెండు టైటిళ్లు ఎంత వెతికినా ఎక్కడా లేవు. అప్పటికే ఆ జవాబుని మా పేరెంట్స్ గ్రూపులో పెట్టేశాను. మరునాడు పొద్దున్నే తప్పయిందని చెప్పి తీసేశాను. వాళ్లకి ఫిర్యాదు రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. సభ్యత్వం రద్దు చేసుకున్నాను. రెఫరెన్స్ ఉండటం వేరు, ఆ రెఫరెన్స్‌లో నిజంగా ఆ మాటే ఉండటం వేరు. ఇది తెలుసుకోవడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు పోస్టు పెట్టకముందు పెట్టి ఉండాల్సింది.

పబ్‌మెడ్ లోటు ఏమిటంటే అది తీర్పు చెప్పదు. అందులో ఉన్నంత మాత్రాన పేపరు మంచిదని కాదు, లైబ్రరీలో ఉన్న ప్రతి పుస్తకమూ మంచిది కానట్టే. బాగా చేసిన ట్రయల్, ఎలుకల మీద చేసిన ప్రయోగం, ఎనిమిది మందితో చేసిన హడావుడి పని, అన్నీ ఒకే అక్షరాల్లో, ఒకే వరసలో కనిపిస్తాయి. చాలా వ్యాసాలకు పైన ఉండే సారాంశం తప్ప లోపలిది డబ్బు కడితే గానీ దొరకదు. సారాంశంలోనేమో మంచి మాటలే ముందుంటాయి.

ఇక్కడ 2015 నాటి చాక్లెట్ సంగతి చెప్పాలి. జాన్ బొహానన్ అనే జర్నలిస్టు ఇంకొందరితో కలిసి, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతుందని నిజంగానే ట్రయల్ చేసి, పత్రికలో వేయించి, ప్రపంచమంతా వార్త అయ్యాక అసలు సంగతి బయటపెట్టారు. 15 మంది మనుషులు, మూడు వారాలు. కానీ కొలిచినవి 18 విషయాలు: బరువు, కొలెస్ట్రాల్, నిద్ర ఇలా. 18 వలలు వేస్తే ఒకదాంట్లోనైనా ఏదో ఒక చేప పడుతుంది. పడిన చేపనే చూపించి, ఖాళీ వలల సంగతి ఎత్తరు. అందుకే ఏ ట్రయల్ చదివినా నేనిప్పుడు మొదట చూసేది, మొదలుపెట్టకముందే ఏం కొలుస్తామన్నారు, చివరికి దేని గురించి చెబుతున్నారు అని. మా కుర్రాడికి ఇది బాగా పట్టుబడింది. ఆమధ్య రాత్రి పదకొండింటికి ఒక నంబరు పంపించి, కింద ఒక్క ముక్క రాశాడు: "ఇది ఎలుకలది మేడం, వదిలేయండి."

అంకె ఉందంటే సరిపోదు, ఆ అంకె ఎంతటిదో కూడా చూడాలి. ప్రొటీన్ పౌడర్ల గురించి 2018లో వచ్చిన మెటా అనాలిసిస్‌ని నేను ప్రతి కొత్త బ్యాచ్ తల్లిదండ్రులకీ చెబుతాను. 49 ట్రయల్స్, 1,863 మంది. వెయిట్ ట్రెయినింగ్‌తో పాటు ప్రొటీన్ అదనంగా తీసుకుంటే కొవ్వు కాని బరువు సగటున పెరిగింది 0.3 కిలోలు. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు రెండున్నర కిలోలు. రోజు మొత్తం మీద తీసుకునే ప్రొటీన్ కిలో ఒంటి బరువుకి సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం ఆగిపోయింది. పనిచేస్తుంది, అబద్ధం కాదు. కానీ డబ్బా మీది బొమ్మలో కండలు చూసి 0.3 కిలోలని ఎవరైనా అనుకుంటారా? తిండితోనే అక్కడికి చేరుతున్న మనిషికి ఆ డబ్బా ఇచ్చేది మరీ తక్కువ. పబ్‌మెడ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. అయితే ఓపిక మనదే.

మూడోది బ్యాచ్ టెస్టింగ్ ముద్రలు, అంటే ఒక్కో విడతలో తయారైన సరుకుని నిషిద్ధ పదార్థాల కోసం పరీక్షించి ఇచ్చే గుర్తులు. ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్, ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటివి. దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు కానీ పోటీల్లో పాల్గొనేవాళ్లు దాటేయకూడనిది ఇదే. 2000, 2001 ప్రాంతంలో 13 దేశాల నుంచి 634 సప్లిమెంట్లు కొని పరీక్షిస్తే, 14.8 శాతంలో లేబుల్ మీద చెప్పని హార్మోన్ పదార్థాలు దొరికాయి. హార్మోన్లు అమ్ముతున్నామని చెప్పిన డబ్బాలు కావవి, మామూలు విటమిన్లు, ప్రొటీన్ల లాంటివి. డోపింగ్ నిబంధనల్లో "నాకు తెలియదు" అన్న మాటతో బయటపడలేం. ఒంట్లో దొరికితే బాధ్యత అథ్లెట్‌దే. ఈ సర్వీసుల సైట్లో బ్యాచ్ నంబరు కొడితే పరీక్షించారో లేదో తేలిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ముద్ర ఉందంటే నిషిద్ధ పదార్థాలు దొరకలేదని అర్థం, పనిచేస్తుందని కాదు. ఈ రెంటినీ కలిపేసి ముద్రని ప్రచారానికి వాడేవాళ్లున్నారు. ఐదుకి నాలుగు.

నాలుగోది కాక్రేన్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అన్నిటికన్నా నిరాశపరిచేది కూడా ఇదే.

1993లో మొదలైన ఈ సంస్థ ఒక ప్రశ్న తీసుకుని, దాని మీద ప్రపంచంలో జరిగిన ట్రయల్స్ అన్నీ గాలించి, ఒక్కోదాంట్లో ఎక్కడ పక్షపాతం జొరబడి ఉండవచ్చో తూకం వేసి, చివరికి ఈ ఆధారం మీద మాకున్న నమ్మకం ఇంత అని చెబుతుంది. నమ్మకం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, చాలా తక్కువ. ప్రతి సమీక్షకీ మామూలు మనుషుల కోసం సులభమైన భాషలో ఒక పేజీ ఉంటుంది. నేను మొదట చదివేది ఆ పేజీయే.

వ్యాయామం తర్వాత కండరాల నొప్పికి విటమిన్ సి లాంటి యాంటీఆక్సిడెంట్లు పనిచేస్తాయా అన్న ప్రశ్న మీద 2017 సమీక్ష ఉంది. 50 ట్రయల్స్, 1,089 మంది. రోజువారీ అవసరానికి మించిన మోతాదుల్లో ఇచ్చినా, నొప్పి తగ్గినట్టు మనిషికి తెలిసేంత తేడా ఏమీ రాలేదు. ఆ ఒక్క పేజీతో మా రన్నర్లలో ముగ్గురు విటమిన్ సి మాత్రలు మానేశారు. కానీ నా కళ్లు ఇంకో అంకె దగ్గర ఆగిపోయాయి. ఆ 1,089 మందిలో 961 మంది మగవాళ్లే. ఆడవాళ్లు 128 మంది. నా ట్రాక్ మీద సగం మంది అమ్మాయిలు. వాళ్లకి ఈ జవాబు చెప్పేటప్పుడు నేను ఎవరి ఒంటి గురించి చెబుతున్నాను? తేడా ఉంటుందని నేననడం లేదు. ఎవరూ సరిగ్గా చూడలేదంటున్నాను. ఆడపిల్లల కోచ్‌గా ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఆ లెక్కని దాచకుండా ముందే పెట్టినందుకు మాత్రం కాక్రేన్‌కి దణ్ణం పెడతాను.

ఈమధ్య జరిగినది ఇంకొకటుంది. పదిహేడేళ్ల అమ్మాయి, 5,000 మీటర్ల రన్నర్. చివరి రెండు ల్యాపుల్లో పిక్కలు పట్టేస్తున్నాయి. రెండు రేసులు మధ్యలో వదిలేసింది. రెండోసారి ట్రాక్ పక్కన గడ్డిలో కూర్చుని ఏడ్చింది. ఎవరో మెగ్నీషియం వేసుకోమన్నారట. "వేసుకోనా మేడం?" అని అడిగింది.

కాక్రేన్‌లో మెగ్నీషియం మీద 2020 సమీక్ష తీశాం. 11 ట్రయల్స్, 735 మంది. పెద్దవయసు వాళ్లకి కండరాలు పట్టేయడాన్ని మెగ్నీషియం చెప్పుకోదగ్గంతగా తగ్గించే అవకాశం లేదని తేల్చారు. గర్భిణుల విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. వ్యాయామం వల్ల పట్టేసే కండరాల గురించి ఏముందా అని ఇద్దరం కిందికి జరుపుతూ పోయాం. ఒక్క వాక్యం ఉంది: దాని మీద లాటరీ పద్ధతిలో చేసిన ట్రయల్ ఒక్కటీ దొరకలేదని.

"అంటే పనిచేయదనా?" అంది.

"పనిచేయదని కాదమ్మా. నీలాంటి రన్నర్ల మీద సరైన పద్ధతిలో ఎవరూ పరీక్షించలేదని."

కాసేపు తెరనే చూస్తూ కూర్చుంది. ఇంత పెద్ద సర్వీసు, ఇన్నేళ్ల పరిశోధన, రన్నర్లందరూ మింగే మాత్ర, ఆ ప్రశ్నకి మాత్రం ఖాళీ. నాకూ బాధనిపించింది. కానీ అదే మాట ఏ డబ్బాని అడిగినా "నిరూపితం" అనేది. ఏబీసీడీ లిస్టులో మెగ్నీషియం సి లో ఎందుకుందో అప్పుడు ఆ పిల్లకే అర్థమైంది. కాక్రేన్‌కి ఐదుకి నాలుగు. సమీక్షలు పాతబడిపోతాయి, ఆటల మీద ఉన్నవే తక్కువ. తగ్గించిన ఆ ఒక్క మార్కు కూడా నిజానికి వాళ్లది కాదు, చేయాల్సిన ట్రయల్స్ చేయనివాళ్లది.

మాత్ర కొనలేదు. బదులుగా ఒక నోట్‌బుక్ తీశాం. పిక్క పట్టేసిన రోజు ఎన్నో ల్యాపు, మొదటి కిలోమీటరు ఎంత వేగంతో వెళ్లింది, ముందు రాత్రి నిద్ర, ఆ వారం మొత్తం దూరం. ఆరు వారాల రాత చూస్తే పట్టేసిన ప్రతిసారీ మొదటి కిలోమీటరు తను అనుకున్న దానికంటే ఎనిమిది, పది సెకన్లు వేగంగా ఉంది. ఒక్క మనిషి, ఉత్తుత్తి మాత్ర లేదు, పోల్చడానికి రెండో గుంపు లేదు. దీన్ని ఆధారం అనొద్దని ఆ పిల్లే నాకు చెప్పింది. నోట్‌బుక్ మొదటి పేజీలో కూడా రాసుకుంది. వచ్చే నెల రేసులో మొదటి రెండు ల్యాపులు నేను గడియారం పట్టుకుని పక్కన నిలబడి సమయం అరుస్తాను. చూడాలి.